సీసాలో మిరియాల వాసన

మిల్లు యంత్రాల పనిలో కొత్తగా చేరిన కుర్రాళ్లు అప్పుడప్పుడూ నాకు ఫోన్ చేస్తుంటారు. బేరింగు ఎందుకు వేడెక్కుతోంది, ఆవిరి ఎక్కడ లీకవుతోంది అని అడగడం అయిపోయాక, మర్యాద కోసం ఒక ప్రశ్న వేస్తారు. మీ సర్వీసులో బాగా గుర్తుండిపోయిన పని ఏదండీ అని. వాళ్లు ఆశించేది బాయిలర్ పేలబోయి ఆగిపోయిన కథో, నలుగురు ఇంజనీర్లు చేతులెత్తేసిన యంత్రాన్ని నేను సుత్తితో ఒక్క దెబ్బ కొట్టి నడిపించిన కథో. అలాంటివి నా దగ్గర లేవు. ఉన్నా చెప్పను, ఎందుకంటే అలాంటి కథల్లో సగం అబద్ధం ఉంటుంది. నాకు గుర్తుండిపోయింది ఒక ఇటలీ వైన్. అది కూడా మందు ముట్టని మనిషినై ఉండి. మొక్కు కాదు, ఒట్టు కాదు, అలవాటు లేదంతే. కుర్రాళ్లూ, ఇదంతా ఫోన్లో చెబితే మీరు "సరేనండీ, సిగ్నల్ లేదండీ" అంటారు. అందుకని రాస్తున్నాను.

మిల్లులకు యంత్రాలు బిగించే ఒక కంపెనీలో, తాడేపల్లిగూడెంలో, నేను సూపర్‌వైజర్ని. ఇల్లు ఏలూరులో. పొద్దున్న పాసింజరు ఎక్కి వెళ్లడం, సాయంత్రం దొరికిన బండికి తిరిగి రావడం. మా ఆవిడ ఉన్నన్నాళ్లూ ఆ తిరిగి రావడంలో ఏదో అర్థం ఉండేది. ఆవిడ పోయాక తాళం తీసుకోవడం, లైటు వేసుకోవడం, మెస్సు నుంచి తెచ్చుకున్న క్యారేజీ విప్పుకోవడం మిగిలింది. ఇంట్లో ఫ్రిజ్ కూడా ఆపేశాను. ఒక్కడి పెరుగు గిన్నె కోసం అంత పెద్ద యంత్రం రాత్రింబవళ్లు గుర్రుమనడం ఎందుకనిపించింది. కొన్నిసార్లు బండి దిగి ఇంటికి పోకుండా స్టేషన్ బెంచీ మీదే కూర్చునేవాణ్ణి. అక్కడైతే నలుగురి మాటలు వినబడేవి.

రిటైర్మెంటు దగ్గరపడిన రోజుల్లో ఈ పని తగిలింది. గూడెం పక్కన ఒక మిల్లువారు ఉప్పుడు బియ్యం కోసం ఇటలీ ప్లాంటు తెప్పించారు. ఉప్పుడు బియ్యం సంగతి మీకు తెలుసు. ధాన్యం నానబెట్టి, ఆవిరి పట్టి, ఆరబెట్టి, ఆ తర్వాత మర పడతాం. నానే తొట్లలో నీళ్లు పులిసి వచ్చే కంపుకి చుట్టుపక్కల ఇళ్లవాళ్లు మనల్ని తిట్టని తిట్టు ఉండదు. కొత్త ప్లాంటులో ఆ కంపు ఉండదని అమ్మినవాళ్లు చెప్పారు. దాన్ని బిగించి, నడిపించి, అప్పజెప్పడానికి ఇటలీ నుంచి ఒకాయన వచ్చారు. ఆయనకు తోడుగా నన్ను వేశారు.

పొడుగాటి మనిషి, నెరిసిన మీసం, చొక్కా జేబులో ఎప్పుడూ ఒక చిన్న స్క్రూడ్రైవరు. మాట తక్కువ. హమాలీలు మొదట్లో దొరగారు అన్నారు. మిల్లు ఆపరేటర్, ఇరవై ఏళ్లుగా అక్కడే పనిచేస్తున్న యాభై ఏళ్ల మనిషి, దాన్ని సరిదిద్దాడు. "దొరేంటండీ, చేతికి గ్రీజు అంటుకున్నాక? ఇటలీ మేస్త్రిగారు అనండి," అన్నాడు. ఆ మాట ఆయనకు బాగా నచ్చింది. వాళ్ల భాషలోనూ దాదాపు అలాంటి మాటే ఉందట. ఇక మా సంభాషణ సంగతి. ఆయన ఇంగ్లీషు, నా ఇంగ్లీషు కలిపితే ఒక మనిషికి చాలీచాలనట్టు ఉండేవి. కాబట్టి ఆయన మాటలు ఇక్కడ నాకు అర్థమైన తెలుగులోనే రాస్తున్నాను.

ఇటలీ అంటే నాకు తెలిసింది బడి పుస్తకంలో చూసిన బూటు ఆకారం ఒక్కటే. అక్కడ వరి పండుతుందని ఆయన చెప్పేదాకా తెలియదు. ఆయనది ఉత్తరాన వరి మాగాణి ప్రాంతమట. మంచుకొండల నీళ్లు కాలవల్లో దిగి మళ్లలోకి వస్తాయట. ఆ మాగాణికి పైన గుట్టలు, ఆ గుట్టల మీద ద్రాక్ష. ఆయన ఊరు గుట్టల వైపు. పని మాత్రం జీవితమంతా కింద, వరి దగ్గర.

"మీది మెట్టేనన్నమాట," అన్నాను. మెట్ట అంటే ఏమిటో చెప్పడానికి కాగితం మీద డెల్టా గీసి, పైన కామవరపుకోట దగ్గర మా ఊరు గుర్తు పెట్టి చూపించాను. నేనూ మెట్టవాణ్ణే, పల్లానికి దిగి బతికినవాణ్ణే. ఆయన ఆ కాగితాన్ని చాలాసేపు చూసి, దాని మీదే తన ఊరు కూడా గుర్తు పెట్టారు. రెండు చుక్కలూ పక్కపక్కనే పడ్డాయి.

ఫిబ్రవరిలో ఒక ఆదివారం ఆయన్ని కొల్లేరు చూపించడానికి తీసుకెళ్లాను. ఆటపాక దగ్గర గూడబాతులు ఇంకా ఉన్నాయి. పడవలో తిరిగాం, ఫోటోలు తీసుకున్నారు, అంతా బాగుంది. తిరుగుదారిలో చేపల చెరువుల గట్టు మీద కారు ఆపించి దిగారు. ఆ పక్క చెరువులో ఏం జరిగిందో, చచ్చిన చేపలు గట్టు మీద పోసి ఉన్నాయి. వాటి మీద ఎండ పడింది. కంపు గుప్పుమంది. అతిథి ముందు మర్యాద కాదని తెలిసినా రుమాలు ముక్కుకి అడ్డం పెట్టేసుకున్నాను. డ్రైవరు ఎప్పుడో కారులోకి దూరి అద్దాలెక్కించాడు. ఈయన మాత్రం ఆ చేపల కుప్పకి రెండు అడుగుల దూరంలో నిలబడి, సంచిలోంచి బిస్కెట్ తీసి, కొంగల్ని చూస్తూ తింటున్నారు.

నన్ను చూసి ఆగారు. "వాసన వస్తోందా?" అని అడిగారు.

"భరించలేకపోతున్నానండీ."

ఆయన బిస్కెట్ జేబులో పెట్టుకున్నారు. అప్పుడు చెప్పారు. కరోనా వచ్చినప్పుడు ఆయనకీ, ఆయన తమ్ముడికీ ఒకేసారి వచ్చిందట. ఇద్దరూ పెళ్లి చేసుకోలేదు, ఒకే ఇంట్లో ఉండేవారు. తమ్ముడు పోయాడు. ఈయన బతికారు, కానీ వాసన తెలియడం పోయింది. నాలుక మీద ఉప్పు, పులుపు, తీపి, చేదు తెలుస్తాయి. అంతకు మించి ఏదీ లేదు. కాఫీ తాగితే చేదు వేడినీళ్లట.

"మా ఊళ్లో అందరికీ తెలుసు," అన్నారు. "తెలిసినప్పటి నుంచీ నా ముందు ఎవరూ ఏమీ చెప్పరు. పాలు విరిగినా చెప్పరు, కూర మాడినా బాగుందంటారు. డాక్టరు తిరిగి వస్తుందంటాడు. అందరూ మంచివాళ్లే. నువ్వు ముక్కు మూసుకున్నావు. చాలా రోజుల తర్వాత ఒక వాసన ఉందని నాకు తెలిసింది."

రుమాలు తీసి జేబులో పెట్టుకోబోతే, వద్దు, ఉంచుకో అన్నట్టు చెయ్యి ఊపారు. ఇద్దరం కారెక్కాం.

ఆ మర్నాటి సాయంత్రం లాడ్జి గదికి రమ్మన్నారు. స్టేషనుకి ఎదురుగా లాడ్జి, కిటికీ తీస్తే గూడ్సు పట్టాలు కనిపించే గది. సూట్‌కేసులోంచి రెండు సీసాలు, మేజోళ్లలో చుట్టిన ఒక్క గాజు గ్లాసు తీశారు. తమ్ముడు చేసిన వైన్. ద్రాక్ష పేరు వెస్పోలినా. బయటి ప్రపంచానికి ఆ పేరు పెద్దగా తెలియదట. పలచటి తొక్క, కాపు తక్కువ, తీపెక్కితే కందిరీగలు ముసురుకుంటాయి. కందిరీగను వాళ్లు పిలిచే మాటలోంచే ఆ పేరు పుట్టిందంటారట. గుట్టల మీద గొప్పగా చెప్పుకునే ద్రాక్ష వేరే ఉంది. ఇది అందులో కాస్త కలపడానికి మాత్రమే, మనం చారులో ఇంగువ వేసినట్టు. తమ్ముడికి మాత్రం పంతం. నా తోటలో దీన్ని ఒంటరిగానే సీసాకి ఎక్కిస్తాను, నచ్చితే తాగండి, లేకపోతే పొండి అనేవాడట. తమ్ముడు పోయాక తోట చూసేవాళ్లు లేక అమ్మేశారు. కొన్నవాళ్లు తీగలు పీకేశారు. మిగిలినవి ఈ రెండే సీసాలు.

ఆయనకో పద్ధతి ఉంది. ఎక్కడ ప్లాంటు బిగించినా, తొలి బియ్యం వచ్చిన రోజు తమ్ముడి సీసా ఒకటి తెరవడం. ఇది ఆయన ఆఖరి ప్లాంటు. ఒక సీసా ఆ రోజుకి. రెండోది ఎందుకు తెచ్చుకున్నారో తనకే తెలియదన్నారు, కొల్లేరు వెళ్లేదాకా.

"నువ్వు తాగవని తెలుసు. తాగక్కర్లేదు. వాసన చూసి చెప్పు, చాలు. నిజం చెప్పు."

అలా నేను ఒక వైన్ దగ్గర చదువుకి కూర్చున్నాను. మొదటి రోజు గ్లాసు తిప్పమంటే, చెంబు కడిగినట్టు తిప్పి తెల్లచొక్కా మీద పోసుకున్నాను. రంగు బాగా తెలిసింది. దానిమ్మ రసం కన్నా కాస్త పలచన. వాసన ఏమిటంటే ద్రాక్ష అన్నాను. ఆయన నవ్వలేదు. "బియ్యం వాసన ఏమిటంటే బియ్యం అంటావా?" అన్నారు. దానితో నాకు రోషం వచ్చింది. ఇన్నేళ్లు ధాన్యం నానే తొట్ల మీద వంగి, ఇది చాలు, ఇది ఇంకో గంట ఉండాలి అని ముక్కుతోనే చెప్పినవాణ్ణి. మళ్లీ గ్లాసులో ముక్కు పెట్టాను.

రోజుకి కొంచెం చొప్పున, ఒక వారం పాటు నడిచింది ఆ సీసా. నేను వాసన చూసేవాణ్ణి, చూసింది చెప్పేవాణ్ణి, తర్వాత ఆయన తాగేవారు. ఆయన ఊళ్లో చెప్పుకునే పళ్ల పేర్లు నాకు తెలియవు. నేను చెప్పేవి ఆయనకు తెలియవు. నేరేడు పండు అంటే, ఏ రంగు, తింటే నాలుకకి ఏమవుతుంది అని అడిగి, కళ్లు మూసుకుని తన లెక్కలో దేనితోనో పోల్చుకునేవారు. వాడిపోయిన గులాబీ రెక్కలు అంటే వెంటనే తలూపారు. రెండో రోజు తడిసిన మెట్టనేల వాసన దొరికింది. మూడో రోజు ఏదో గుచ్చుతున్నట్టుంది, తెలిసినదే, పేరు రావడం లేదు. గ్లాసు దించి, కిటికీ దగ్గరకెళ్లి, మళ్లీ వచ్చి చూశాను.

"మిరియాలండీ," అన్నాను.

ఆయన లేచి నిలబడ్డారు. ఆ ద్రాక్ష గుర్తే అదట. మిరియాలు లేకపోతే అది వెస్పోలినాయే కాదట. నేను ఆ మాట అంటానా అని మూడు రోజులుగా నోరు విప్పకుండా ఎదురుచూశారు. నా భుజం పట్టుకుని ఇటాలియన్‌లో ఏదో అన్నారు. అర్థం కాకపోయినా సంతోషం తెలిసింది. పరీక్షలో పాసైన పిల్లాడిలా బండెక్కి ఇంటికి వెళ్లాను. వెళ్లాక ఆ సంగతి చెప్పుకోవడానికి ఎవరూ లేరని గుర్తొచ్చింది.

ఆ ఆదివారం ఆయన్ని ఏలూరు భోజనానికి పిలిచి మిరియాల చారు పెట్టాను. మా ఇంట్లో పొయ్యి మీద టీ తప్ప వేరేది కాగి చాలా కాలమైంది. చారు మా ఆవిడ పెట్టినట్టు రాలేదు. ఘాటు మాత్రం గట్టిగా కుదిరింది. ఆయన గ్లాసుతో తాగి, గొంతు పట్టుకుని దగ్గి, "ఇది తెలుస్తోంది, మంట తెలుస్తోంది," అన్నారు. ఇంకో గ్లాసు పోయించుకున్నారు. ఇద్దరం కళ్లనీళ్లు కారుతుండగా భోంచేశాం. వెళ్లేటప్పుడు గోడ మీద మా ఆవిడ ఫోటో ముందు ఆగి, తల వంచి వెళ్లారు.

ఏప్రిల్ వచ్చింది. లాడ్జి గది పడమటి గోడ ఎండకి పెనంలా కాలేది, కరెంటు ఉండీ లేకుండా పోయేది. రెండో సీసా గురించి ఆయనకు బెంగ పట్టుకుంది. బాగా చల్లగా కాదు, వేడిగా అసలే కాదు, చీకటిగా, కదలకుండా ఉండే చోటు కావాలన్నారు. మా ఇంట్లో ఫ్రిజ్ ఆపేసి ఉంది, వేస్తానన్నా అంత చలి పనికిరాదన్నారు. మిల్లులో పెడదామంటే యజమానిగారు నిష్ఠగల మనిషి. ఏ ప్లాంటు పెట్టినా తొలి బస్తా చిన్న తిరుపతి గుడికి పంపే ఇల్లు వాళ్లది. ఆవరణలో మందు సీసా కనబడితే పని ఆపించేస్తారు. చివరికి ఆపరేటర్‌కి అప్పజెప్పాను.

"ఆయ్, మీరేం కంగారు పడకండి," అన్నాడు. "నాకు వదిలేయండి. మా ఆవిడక్కూడా తెలీని చోట పెడతాను."

ఎక్కడని నేను అడగలేదు. అతని మీద నాకు అంత నమ్మకం. ఇప్పటికీ ఉంది.

తర్వాత వారం వానలు. దాళ్వా కోతల మీద, అంటే రెండో పంట చేతికొచ్చే వేళ, పడిన వానలంటే ఏమిటో మీరు చూసే ఉంటారు. రైతులు తడిసిన ధాన్యం లారీలకెత్తుకొచ్చి గేటు ముందు నిలబడ్డారు. వద్దంటే మొలకెత్తిపోతుంది. యజమానిగారు కాదనలేక అన్నీ దించుకున్నారు. గోడౌన్లో తొలి పంట నాటి పాత సార్వా ధాన్యం రాశి మీదా, పక్కనా, వరండాలో, ఎక్కడ ఖాళీ ఉంటే అక్కడ పోశారు. మూడో రోజుకి రాశులు ఆవిర్లు కక్కుతున్నాయి. చెయ్యి పెడితే పెట్టినంత వేగంగా తియ్యాల్సిందే. హమాలీలంతా పారలతో రాశులు తిరగేయడంలో, మేమంతా కొత్త ప్లాంటు తొందరగా నడిపించి ఆ ధాన్యాన్ని కాపాడటంలో మునిగిపోయాం. ఇటలీ మేస్త్రిగారు ఆ రోజుల్లో మిల్లులోనే తిన్నారు, మిల్లులోనే కునుకు తీశారు.

తొలి బియ్యం ఒక గురువారం పొద్దున్న వచ్చింది. తేనెరంగు గింజ, నూక లేదు, తొట్ల దగ్గర కంపు లేదు. యజమానిగారు కొబ్బరికాయ కొట్టి, బస్తాకి పసుపు రాసి, కారులో చిన్న తిరుపతికి బయల్దేరారు. వానకి తడిసిన ధాన్యం తెచ్చిన రైతు ఒకాయన ఆ బియ్యం అరచేతిలో పోసుకుని అలాగే నిలబడిపోయాడు. ఇటలీ మేస్త్రిగారు చేతులు తుడుచుకుని నా వైపు చూసి, "మధ్యాహ్నం గదికి రా. మన సీసా తెప్పించు," అన్నారు. ఆ మర్నాడు ఆయన ప్రయాణం. తర్వాత నేనాయన్ని మళ్లీ చూడలేదు. అందుకే ఆ మధ్యాహ్నం సంగతి జరిగింది జరిగినట్టు రాస్తాను.

లాడ్జి మెట్ల దగ్గర ఆపరేటర్ నా కోసం కాచుకుని ఉన్నాడు. చేతిలో గోనెగుడ్డలో చుట్టిన సీసా. ముఖంలో నెత్తురు చుక్క లేదు.

"ఏవండీ, ఓ మాట. కోప్పడకండేం."

"ఏమైందయ్యా?"

"రాశిలో పెట్టానండి. ఏటా మామిడికాయలు అక్కడే దాస్తానండి. ఎండు ధాన్యం, చీకటిగా ఉంటది, ఎవరి కంటా పడదనుకున్నానండి. పైన తడి ధాన్యం పోసేశారు కదండీ. ఆ హడావుడిలో మర్చేపోయానండి బాబూ. పొద్దున్న తిరగేస్తుంటే పారకి తగిలింది."

గోనెగుడ్డ విప్పి చూశాను. సీసా ఇంకా వెచ్చగా ఉంది. బిరడా బొటనవేలి గోరంత పైకి లేచి, మెడ మీద జిగురు కారి ఎండిపోయింది. వైన్ గురించి ఏమీ తెలియనివాడికైనా అది ఉడికిపోయిందని తెలుస్తుంది.

"ఒక పని చేయండి," అన్నాడు గొంతు తగ్గించి. "బావుందని చెప్పేయండి. ఆయనకెలాగూ వాసన తెలీదు కదండీ. ఊరెళ్లిపోయే మనిషి, సంతోషంగా వెళ్తారు. మీకు పుణ్యం ఉంటదండీ."

అతన్ని తప్పు పట్టకండి. మా వైపు మర్యాదే అంత. పెళ్లి భోజనంలో పులిహోర ఉప్పు కషాయంలా ఉన్నా బ్రహ్మాండంగా కుదిరిందండీ అనే వస్తాం. మెట్లెక్కుతూ నేనూ అదే అనుకున్నాను, చెప్పేద్దామనే. ఆ గదిలో గడిచిన సాయంత్రాలు నాకు ఎంత అవసరమో నాకు తెలుసు. ఆఖరి పూటని పాడుచేసే మాట నా నోటి నుంచి రావాలని నాకు మాత్రం ఎందుకుంటుంది?

గదిలో ఆయన ముఖం చూడగానే ఆపరేటర్ నాకిచ్చిన సలహా తనే మర్చిపోయాడు; సీసా ఆయన చేతికిచ్చి, తల దించుకుని, జరిగింది తెలుగులోనే చెప్పేశాడు. నేను ఇంగ్లీషులోకి మార్చలేదు, మార్చనక్కర్లేకపోయింది. ఆయన సీసాని అరచేత్తో తడిమారు. బిరడా మీద వేలు పెట్టి చూశారు. వేలికి జిగురంటుకుంది. కాసేపటికి ఆపరేటర్ రెండు చేతులూ పట్టుకుని ఊపి, తలుపు దాకా సాగనంపి వచ్చారు.

సీసా తెరిచారు. గాజు గ్లాసులో పోశారు. దానిమ్మ రంగు లేదు, పాత ఇటుక రంగు ఉంది. అది కూడా ఆయన చూశారు. అయినా గ్లాసు నాకే ఇచ్చారు.

"చెప్పు," అన్నారు.

ముక్కు పెట్టాను. ఇంకో మాట చెప్పే ధైర్యం ఆ ముఖం చూశాక నాకు లేకపోయింది.

"పోయిందండీ. ఉడికిపోయింది."

తలూపారు. కిటికీ దగ్గరకెళ్లి నిలబడ్డారు. కింద ఒక గూడ్సు చాలాసేపు వెళ్తూనే ఉంది. అది వెళ్లాక వెనక్కి తిరగకుండానే, "ఇప్పుడు అందులో ఏముందో అది చెప్పు. ఉన్నవి చెప్పు," అన్నారు.

చెప్పాను. మాడబోతున్న బెల్లం పాకం. ఎండు ఖర్జూరం. కొంచెం పులిసిన వాసన. గులాబీ లేదు, నేరేడు లేదు, మట్టి లేదు.

"మిరియాలు?"

"ముక్కుకి అందడం లేదండీ."

"అది ముక్కుకి ఆలస్యంగా వస్తుంది. మింగాక, ఊపిరి వదిలినప్పుడు వస్తుంది. మా తమ్ముడు అనేవాడు." వచ్చి గ్లాసు తీసుకుని ఒక గుక్క మింగారు. ఊపిరి వదిలారు. గొంతు మీద చెయ్యి పెట్టుకుని, మేడ మీద ఎవరో నడుస్తున్న చప్పుడు వింటున్నట్టు నిలబడ్డారు. తర్వాత తల అడ్డంగా ఊపారు. "పులుపు. వెచ్చదనం. అంతే."

ఇన్నాళ్లలో ఆయన నన్ను తాగమని ఒక్కసారి అడగలేదు. అప్పుడూ అడగలేదు. గ్లాసు బల్ల మీద పెట్టి కుర్చీలో కూర్చున్నారు. ఒక మనిషి తన గదిలో, తన తమ్ముడి వైన్ ముందు, అంత ఒంటరిగా కూర్చోవడం నేను చూడలేకపోయాను. లాడ్జివాళ్ల టీ గ్లాసు ముందుకు జరిపాను.

"వద్దు," అన్నారు. "ఇది పాడైంది. నువ్వు మొదటిసారి తాగేది ఇది కాకూడదు."

"పోయండి," అన్నాను.

మింగాను. చింతపండు పులుపు, పైన బెల్లం, గొంతులో సెగ. బాగోలేదు. మీకు అబద్ధం చెప్పను, అసలు బాగోలేదు. ఊపిరి వదిలి ఆగాను. ఏమీ లేదు. ఆయన నా ముఖం వైపు చూడటం లేదు, బల్ల వైపు చూస్తున్నారు. మళ్లీ ఊపిరి వదిలాను. అప్పుడు నాలుక మొదట్లో, చిన్నగా, చారు గ్లాసు అడుగున మిగిలిన పొడి తగిలినట్టు.

"ఉందండీ," అన్నాను.

తలెత్తారు.

"కొంచెమే. కానీ ఉంది. ఇక్కడ." గొంతు మీద చోటు చూపించాను.

ఒక నిమిషం ముందు పోయిందని చెప్పింది కూడా నేనే. అది చెప్పకపోయి ఉంటే ఇది నమ్మేవారు కాదు. కుర్చీలోంచి లేచి వచ్చి, నేను చూపించిన చోట రెండు వేళ్లు ఆనించారు, మనం బేరింగు వేడి చూస్తామే అలా. ఆయన కళ్లు నిండిపోయాయి. నాకూ నిండాయి. నాది అలవాటు లేని మందు వల్ల అనుకోండి.

ఆ తర్వాత ఆయన ఒక గుక్క, నేను ఒక గుక్క. ఆయన మింగి నా వైపు చూసేవారు. "ఉందా?" నేను మింగి, ఊపిరి వదిలి, ఆగి, "ఉందండీ," అనేవాణ్ణి. మధ్యమధ్యలో తమ్ముడి గురించి చెప్పారు. కోపిష్టి అట. అన్నం ముందు ఎప్పుడూ గొడవేనట. ద్రాక్ష కోతల్లో చొక్కా విప్పి పాడేవాడట, గొంతు బాగోలేదని ఊరంతా నవ్వేదట. ఆసుపత్రికి తీసుకెళ్లేటప్పుడు ఇద్దరినీ వేర్వేరు బండ్లలో ఎక్కించారట. పీపాలో వైన్ సంగతి చూడమని తమ్ముడు కిటికీలోంచి చేత్తో సైగ చేశాడట. అదే ఆఖరిసారి చూడటం. ఈయన బతికి ఇంటికొచ్చి, పీపా తెరిచి, వంగి చూస్తే ఏ వాసనా లేదట. వైన్ పోయిందనుకున్నారట మొదట. పోయింది తన ముక్కని తర్వాత తెలిసిందట.

"ఉందా?"

"ఉందండీ."

సీసా కిందికి వచ్చేసరికి నాకు చెవులు వేడెక్కాయి, కాళ్లు తేలిగ్గా ఉన్నాయి. గొంతు మాత్రం పని మీదే ఉంది. ఆయన ఆఖరుగా మిగిలింది రెండు గ్లాసుల్లోకీ సమంగా వంచారు. గుక్క మింగి నా వైపు చూశారు.

"ఉందా?"

నేను మింగాను. ఊపిరి వదిలాను. పులుపు ఉంది, బెల్లం ఉంది. ఆగాను. మళ్లీ వదిలాను.

"లేదండీ," అన్నాను.

"ఇంకోసారి చూడు."

గ్లాసులో ఉన్నదంతా తాగేశాను. కళ్లు మూసుకుని, కింద స్టేషన్లో వినిపిస్తున్న మాటలేవీ పట్టించుకోకుండా, ఎంతసేపు ఆగాలో అంతసేపు ఆగాను. ఉందని చెప్పడానికి ఒక్క మాట చాలు. ఆయన ఎదురుగా కూర్చుని నా గొంతు వైపే చూస్తున్నారు.

"లేదండీ. పోయింది."

ఆయన తన గ్లాసు ఖాళీ చేసి, రుమాలుతో తుడిచి, బల్ల మీద బోర్లించారు.

"ఇప్పుడు పోయాడు మా తమ్ముడు," అన్నారు.

"అవునండీ," అన్నాను.